చిలికా పిట్టల చరిత్రలో మన వాటా



కిందటి కార్తీక వనభోజనాలకు మనం చిలికా ఒడ్డుకు వెళ్ళిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ రోజు తీసిన ఫోటోల్లో అందరికీ బాగా నచ్చింది ఒకటే. మన మోటారు పడవ ఒక బురద మేట దగ్గరకు దూసుకుపోతుంటే వందలాది పిట్టలు ఒక్కసారిగా లేచి ఆకాశం నిండిన ఫోటో అది. పిల్లలు కేరింతలు కొట్టారు, మనం చప్పట్లు కొట్టాం. ఇంకొంచెం దగ్గరగా పోనివ్వమని పడవ వాడికి చెప్పింది కూడా మనమే. ఈ వ్యాసం ఆ ఫోటో గురించి. కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

సంక్రాంతి తర్వాత మాలో ఆరుగురం మంగళాజోడి వెళ్ళాం. బరంపురం నుంచి భువనేశ్వరం వెళ్ళే పెద్ద రోడ్డు మీద టాంగి దగ్గర దిగి లోపలికి పోతే వచ్చే ఊరు అది. చిలికాకు ఉత్తరపు ఒడ్డున, ఖుర్దా జిల్లాలో ఉంది. అక్కడ మోటారు పడవలు లేవు. సన్నటి నాటు పడవను గెడతో నెట్టుకుంటూ గడ్డి మధ్య కాలువల్లోంచి తీసుకువెళ్తారు. మా పడవ నడిపిన ఆయనకు అరవై దాటి ఉంటాయి. ప్రతి పిట్ట పేరూ ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి చెబుతున్నాడు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని అడిగాం. ఒకప్పుడు వీటిని చంపి అమ్మేవాడినని తడుముకోకుండా చెప్పాడు.

నీళ్ళు జానెడు లోతు కూడా లేని చోట పడవ ఆపి ఒక గుంపును చూపించాడు. కోడిపెట్ట కంటే చిన్న ఒళ్ళు, పొడుగాటి కాళ్ళు, నిటారుగా ఉన్న పొడవైన ముక్కు. ముక్కు మొదట గులాబీ రంగు, చివర నలుపు. కుట్టుమిషను సూదిలా ముక్కు బురదలో దించి తీస్తూ తింటున్నాయి. ఒకటి రెక్క విప్పితే తెల్లటి పట్టీ కనిపించింది, తోక చివర నల్లగా ఉంది. ఇంగ్లీషులో దీన్ని బ్లాక్ టెయిల్డ్ గాడ్విట్ అంటారు. మన పెద్దలు ఉల్లంకి అని పిలిచే బురద పిట్టల కుటుంబానికే చెందింది. బరువు పావు కిలో నుంచి మూడొందల గ్రాముల దాకా ఉంటుంది. ఐస్‌లాండ్ నుంచి రష్యా తూర్పు కొస దాకా ఉన్న పచ్చిక భూముల్లో గుడ్లు పెడుతుంది. మన దగ్గరకు వచ్చేవి ఆ విస్తారంలో తూర్పు భాగం నుంచి, అంటే ఆసియా ఉత్తర దేశాల నుంచి వస్తాయి. వర్షాకాలం వెనకబట్టగానే దిగి, మార్చి ఏప్రిల్ నెలల్లో తిరిగి వెళ్ళిపోతాయి.

ఆ ముక్కు సంగతి వింటే ఆశ్చర్యం వేసింది. దాని కొసన స్పర్శ తెలిసే సూక్ష్మమైన గుంటలు ఉంటాయి. బురద లోపల ఏముందో కంటితో చూడకుండానే తెలుసుకుంటుంది. ముక్కు మొత్తం తెరవకుండా కొస మాత్రమే విచ్చుకుని పురుగును పట్టుకుంటుంది. ఇంత పనితనం ఉన్న ముక్కు కూడా ఒకే రకం నేల మీద పని చేస్తుంది. బురద మెత్తగా ఉండాలి, నీరు కాలు మునిగేంతే ఉండాలి. నీరు ఎక్కువైతే అందదు, నేల ఎండితే దిగదు. కాబట్టి ఈ పిట్ట చరిత్ర చెప్పాలంటే చిలికా నీటి చరిత్ర చెప్పాలి.

చిలికా విస్తీర్ణం ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 దాటుతుంది. మధ్యలో ఆరిపోయి తేలే ఆ తేడా నేలే గాడ్విట్ లాంటి పిట్టలకు అన్నం పళ్ళెం. దయా, భార్గవి లాంటి నదుల నుంచి మంచినీరు వస్తుంది, సముద్రం నుంచి ఉప్పునీరు వస్తుంది. రెండూ కలిసే చోటు కాబట్టి చేపా రొయ్యా పురుగూ అన్నీ పెరుగుతాయి. సరస్సు నడుమ ఉన్న నలబన దీవి వానల్లో పూర్తిగా మునిగిపోయి, శీతాకాలానికి మళ్ళీ బయటపడుతుంది. నల అంటే అక్కడ పెరిగే గడ్డి, మన కొల్లేటి వాళ్ళు కిక్కిస అనే జాతిది. దీవి బయటపడే వేళకే పిట్టలు దిగుతాయి.

మన వాళ్ళకు ఈ సరస్సుతో సంబంధం కొత్తది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. చిలికా దక్షిణపు ఒడ్డు, రంభ వైపు, మద్రాసు పాలనలో ఉంటే ఉత్తరపు ఒడ్డు పూరీ జిల్లా కింద ఉండేది. ఒకే సరస్సుకు రెండు ప్రభుత్వాలు. నీటికీ పిట్టకూ మాత్రం ఆ గీత తెలియదు. సముద్రం అంచున ఉన్న వాడబలిజ, జాలారి కుటుంబాలను ఒడియా వాళ్ళు నోళియాలు అంటారు. గంజాం తీరం నుంచి పూరీ దాకా తెప్పలతో, వలలతో బతికిన తెలుగు వాళ్ళు వీళ్ళు. చిలికాలో చేపలు పట్టే సాంప్రదాయ కులాల జాబితాలో కెవుట, కండరా, తియర పేర్లతో పాటు నోళియాల పేరు కూడా ఉంటుంది. 1913, 1914 సంవత్సరాల్లో కలకత్తా ఇండియన్ మ్యూజియం తరఫున నెల్సన్ అన్నండేల్, స్టాన్లీ కెంప్ ఈ సరస్సులోని జీవరాశిని పరిశీలించి గ్రంథంగా తెచ్చారు. ఆ అన్నండేల్ దొరే తర్వాత 1916లో మొదలైన జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టరు అయ్యాడు.

ఇంతవరకు మనం సభల్లో గొప్పగా చెప్పుకునే చరిత్ర. చెప్పుకోని భాగం ఇప్పుడు చెబుతాం.

కార్తీకం చివరి ఐదు రోజులను మన ఒడియా ఇరుగుపొరుగులు పంచుక అంటారు, బక పంచకం అని కూడా అంటారు. ఆ ఐదు రోజులూ కొంగ సైతం చేపను ముట్టదట, అందుకని మనుషులూ నీసు ముట్టరు. మన ఇళ్ళలో ఆ నిష్ఠ ఇంకా పొడుగు. పోలి పాడ్యమి నాడు అరటి దొప్పల్లో దీపాలు వదిలే దాకా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. పాడ్యమి దాటిన మొదటి ఆదివారం మన వీధుల్లోకి ఎవరు వచ్చేవాళ్ళో అరవై దాటిన వాళ్ళందరికీ తెలుసు. సైకిలుకు అటూ ఇటూ బుట్టలు, బుట్టల్లో కాళ్ళు కట్టేసిన నీటి పిట్టలు. బాతు జాతివి కొన్ని, పొడుగు ముక్కువి కొన్ని. సగం తెలుగు సగం ఒడియాలో బేరం. మిరియాలు దంచి వండితే చలికి ఒంటికి మంచిదని అమ్మమ్మలు చెప్పేవారు. అది ఎక్కడి నుంచి వచ్చిన పిట్టో, ఎలా పట్టారో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. తిన్నాం.

మన పెద్దలను దోషులుగా నిలబెట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ళ కాలంలో వేట పెద్దమనుషుల వినోదం కూడా. దొరలూ జమీందారులూ తుపాకులతో వచ్చేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. లైసెన్సుతో కొన్నింటిని వేటాడే వెసులుబాటు ఆ తర్వాత కూడా కొంతకాలం ఉండి, 1991 సవరణతో పోయింది. 1981లో చిలికా, రాజస్థాన్‌లోని కేవలాదేవ్‌తో పాటు, మన దేశం నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద చేరిన తొలి చిత్తడి నేలల్లో ఒకటి అయింది. 1987లో నలబన దీవిని అభయారణ్యంగా ప్రకటించారు. కాగితం మీద అంతా భద్రమే. సైకిలు బుట్టలు మాత్రం ఆగలేదు. కొనేవాళ్ళు ఆగలేదు కాబట్టి అవీ ఆగలేదు.

మంగళాజోడి కథ అక్కడే మొదలవుతుంది. ఆ ఊరికి పిట్టల వేట ఒక వృత్తిలా ఉండేది. వల పన్నేవారు, తుపాకీ కాల్చేవారు. తర్వాత రోజుల్లో పొలాల్లో చల్లే పురుగుమందు కలిపి ఎర వేసేవారు. మందు తిన్న పిట్టలు తెల్లారేసరికి నీటి మీద తేలేవి. మా పడవాయన ఈ సంగతి చెబుతూ ఒక మాట అన్నాడు. "రాత్రి పట్టినవి పొద్దున్నే బస్సుల్లో ఊళ్ళకు పోయేవి బాబూ, ఎవరు తినేవారో మాకేం తెలుసు" అని. మేం ఆరుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరు తినేవారో మాకు తెలుసు.

ఒక పక్క వేట సాగుతుంటే మరో పక్క సరస్సే జబ్బు పడింది. సముద్రంతో కలిసే ముఖద్వారం ఇసుక మేటలతో పూడుకుంటూ దూరం జరిగిపోయింది. ఉప్పునీరు లోపలికి రావడం తగ్గింది, నదులు తెచ్చిన ఒండ్రు బయటికి పోవడం తగ్గింది. కలుపు అల్లుకుపోయింది. బురద మైదానాలు గడ్డి కింద పడిపోతే ముక్కు దించే చోటు ఉండదు. 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కించారు, దాన్ని మోంత్రో రికార్డు అంటారు. చేపలు పట్టేవాళ్ళ పరిస్థితీ అంతే. 1999-2000లో సరస్సు మొత్తం నుంచి వచ్చిన చేపా రొయ్యా పీతా కలిపి సుమారు 1,750 టన్నులకు పడిపోయింది.

అదే కాలంలో రొయ్యల డబ్బు వచ్చింది. ఒడ్డున చెరువులు తవ్వారు, నీటి లోపల వెదురూ వలలతో దడులు కట్టి ఘేరీలు వేశారు. నీటి ప్రవాహానికి అడ్డం, సాంప్రదాయ జాలరికి అడ్డం, పిట్టకూ అడ్డం. 1990ల మొదట్లో పెద్ద రొయ్యల ప్రాజెక్టుకు వ్యతిరేకంగా చిలికా బచావో ఆందోళన జరిగింది. 1999 మేలో సోరన గ్రామంలో పోలీసు కాల్పుల్లో నలుగురు మత్స్యకారులు చనిపోయారు. పిట్టల గురించి మాట్లాడేటప్పుడు ఈ నలుగురిని మరిచిపోకూడదు. ఎందుకంటే సరస్సు బతకాలని పిట్టల శాస్త్రవేత్తల కంటే ముందే రోడ్డెక్కింది జాలర్లు.

తమిళనాడులో ఉన్న మన సభ్యులకు ఇక్కడొక సంగతి చెప్పాలి. గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చిలికా సరస్సుకూ పులికాట్ సరస్సుకూ వెయ్యి మీటర్ల లోపల, సాంప్రదాయ పద్ధతుల్లో సాగేవి తప్ప, రొయ్యల చెరువులు ఉండకూడదని అందులో ఉంది. పులికాట్ పక్కనున్న నేలపట్టు పక్షి కేంద్రం పేరు కూడా ఆ తీర్పులో కనిపిస్తుంది. ఒక ఒడ్డు మన ఒడిశాలో, మరో ఒడ్డు ఆంధ్ర, తమిళనాడు మధ్య. రెండు ఒడ్డులా తెలుగు మాట్లాడే జాలర్లు ఉన్నారు, రెండు చోట్లా శీతాకాలంలో దూరదేశపు పిట్టలు దిగుతాయి. ఆ తీర్పు ఎంతవరకు అమలయిందో రెండు ఒడ్డుల వాళ్ళకూ తెలుసు. మనలోనూ రొయ్యల వ్యాపారంతో నిలబడిన ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళను వేలెత్తి చూపడం సులువు, రొయ్యల ఇగురు మానెయ్యడం కష్టం.

మలుపు 2000 సంవత్సరంలో వచ్చింది. ఒకే ఏడాదిలో రెండు పనులు జరిగాయి. చిలికా అభివృద్ధి సంస్థ ఆ సెప్టెంబరు 23న సిపకూడ దగ్గర ఇసుక గట్టును తవ్వి సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచింది. సముద్రపు నీరు ప్రయాణించే దారి 18 కిలోమీటర్లు తగ్గింది. ఉప్పు పెరిగింది, కలుపు వెనక్కు తగ్గింది. 2001-02 నాటికి చేపల దిగుబడి దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో చిలికా పేరు ప్రమాద జాబితా నుంచి తొలగించారు, అదే ఏడాది రామ్‌సర్ అవార్డు కూడా వచ్చింది.

రెండో పని మంగళాజోడిలో జరిగింది. వైల్డ్ ఒరిస్సా సంస్థకు చెందిన నందకిశోర్ భుజబల్ ఆ ఊరి వేటగాళ్ళతో ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడాడు. 2000లో శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడింది. వేటగాళ్ళు ఇకపై చంపమని దేవుడి ముందు ప్రమాణం చేశారు. అప్పటికి ఆ చిత్తడిలో పిట్టలు ఐదు వేలకు పడిపోయాయని చెబుతారు. తర్వాతి పదేళ్ళలో శీతాకాలంలో లక్షల్లో దిగడం మొదలుపెట్టాయి. ఎక్కడ వల పన్నాలో తెలిసినవాడికే ఎక్కడ వల పన్ని ఉందో తెలుస్తుంది. ఏ కాలువలో ఏ పిట్ట ఏ వేళకు దిగుతుందో పుస్తకం చదివినవాడి కంటే వాళ్ళకే బాగా తెలుసు. అదే తెలివి కాపలాకు మళ్ళింది. తర్వాత పర్యాటకుల పడవలు నడపడం వాళ్ళ జీవనం అయింది. ప్రమాణం నిలబడటానికి భక్తి ఎంత కారణమో పొయ్యిలో పిల్లి లేవడం కూడా అంతే కారణం. అమ్మిన పిట్టకు ఒక్కసారే డబ్బు, చూపించిన పిట్టకు ప్రతి ఏటా డబ్బు. ఈ లెక్క కూడా పడవాయనే చెప్పాడు.

చిలికా మొత్తం మీద ఏటా జనవరిలో అటవీ శాఖ వాళ్ళు పిట్టలను లెక్కపెడతారు. ఈ మధ్య సంవత్సరాల్లో ఆ లెక్క పది లక్షలు దాటుతోంది. అందులో గాడ్విట్లు వేలల్లో ఉంటాయి. అలాగని ప్రపంచం మొత్తం మీద వాటి పరిస్థితి బాగుందని కాదు. యూరప్‌లో గడ్డి భూములు పోయి సంఖ్య తగ్గుతూ వస్తోంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పుకు చేరువలో ఉన్న జాతిగా లెక్కిస్తుంది. గుడ్లు పెట్టే చోట ఎవరు ఏం చేస్తారో మన చేతిలో లేదు. చలికాలం గడిపే చోటు మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇప్పుడు మన ఫోటో దగ్గరకు వద్దాం. కార్తీకంలో తీసిన ఆ ఫోటోను ఫోనులో పడవాయనకు చూపించాం. మెచ్చుకుంటాడనుకున్నాం. చాలాసేపు చూసి, వీటిని ఎన్నిసార్లు లేపారని అడిగాడు. నాలుగైదు సార్లన్నాం. ఆయన తిట్టలేదు. మెల్లగా వివరించాడు. ఈ పిట్టకు పొద్దంతా తినడమే పని. తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఒంట్లో చేర్చుకోవడానికే ఇక్కడికి వస్తుంది. లేపిన ప్రతిసారీ తిండి ఆగుతుంది, చేరిన కొవ్వు ఖర్చవుతుంది. రోజుకు పది పడవలు వచ్చి పదిసార్లు లేపితే అది ఆ మేట వదిలి పోతుంది. అలాంటి ఇంకో మేట ఎక్కడుందో వెతుక్కోవాలి. దొరకవచ్చు, దొరకకపోవచ్చు. "మేం వలతో చేసింది మీరు మోటారుతో చెయ్యకండి" అన్నాడు.

అప్పటి నుంచి మాకు ఆ మాట వదలడం లేదు. మన పెద్దలు తెలియక తిన్నారు. మనం బక పంచకం పాటించి, కొంగ సైతం ఉపవాసం ఉండే మాసంలో, నీసు లేని విస్తరి ముందు కూర్చుని, సరదా కోసం ఆ పిట్ట నోటి దగ్గర కూడు తీసేశాం. ఏది ఎక్కువ తప్పో తేల్చడం మాకు చేతకాలేదు.

సంఘం చరిత్ర పుస్తకం తేవాలని కార్యవర్గం రెండేళ్ళుగా అనుకుంటోంది. మన వలసల గురించి, గుళ్ళ గురించి, తెలుగు బడుల గురించి వ్యాసాలు వచ్చాయి. చిలికాతో మన సంబంధం మీద ఒక అధ్యాయం ఉండాలని మా కోరిక. అందులో నోళియాల తెప్పలూ రావాలి, రంభ ఒడ్డూ రావాలి, సైకిలు బుట్టలూ రావాలి. ఇది పరువు తక్కువ అని కొందరు పెద్దలు ఇప్పటికే అన్నారు. మంగళాజోడి వాళ్ళు తాము చంపిన సంగతి ప్రతి పర్యాటకుడికీ చెప్పి కూడా పరువుగానే బతుకుతున్నారు. చంపినవాడు చెప్పగా లేనిది, కొని తిన్నవాళ్ళం మనం దాచుకోవడం ఎందుకు?

వచ్చే కార్తీకానికి మూడు ప్రతిపాదనలు కార్యవర్గానికి రాసి ఇచ్చాం. ఒకటి, వనభోజనం ఒడ్డునే. పడవ ఎక్కాలనుకున్న వాళ్ళు గెడ పడవలు ఉన్న చోటే ఎక్కాలి. రెండు, పిట్టల గుంపు కనిపిస్తే పడవ దూరంగా ఆపాలి, లేపమని ఎవరూ అడగకూడదు. మూడు, ప్లాస్టిక్ విస్తళ్ళూ గ్లాసులూ వద్దు. మన ఆడవాళ్ళు అడ్డాకులు కుడతామన్నారు, ఆ మాట పట్టుకుందాం. ఖర్చు కొంచెం పెరుగుతుంది. మోటారు పడవ నడిపే కుర్రాళ్ళకు ఒక రోజు బేరం పోతుంది, వాళ్ళలోనూ మన భాష మాట్లాడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఏం చెయ్యగలమో కూడా సమావేశంలో మాట్లాడుకోవాలి. దానికి జవాబు మా దగ్గర ఇంకా లేదు.

ఇంట్లో డెబ్బై దాటిన వాళ్ళు ఉంటే ఈ ఆదివారం వాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ పిట్టలు వచ్చేవి, ఎంతకు కొనేవారు, ఎప్పటి నుంచి కొనడం మానేశారు అని అడిగి రాసి పెట్టండి. వాళ్ళు పోయాక చెప్పేవాళ్ళు ఉండరు. ఆ ఫోటో మాత్రం సంఘం ఆల్బంలో అలాగే ఉంచుదాం. కింద ఒక వాక్యం చేర్చి ఉంచుదాం: ఈ పిట్టలను లేపింది మేమే.